ఖతీఫ్‌కు దక్కిన అయిదు సీట్లు

2005 మార్చి 3, గురువారం. సౌదీ అరేబియా తూర్పు తీరంలోని ఖతీఫ్‌లో గురువారమంటే సంత రోజు. ఆ వారపు సంత తరతరాలుగా నడుస్తోంది. ఆ గురువారం మాత్రం ఊరి మగవాళ్ళకు సంతతో పాటు మరో పని పడింది. అది ఓటు వేయడం. ఇన్నేళ్ళకు తమకు ఓటు అవకాశం వచ్చిందన్న ఉత్సాహంతో వాళ్ళు బారులు తీరారు. ఎన్నుకోవలసింది రాజును కాదు, మంత్రిని కాదు, పార్లమెంటు సభ్యుణ్ణి అంతకన్నా కాదు. రోడ్లు, వీధి దీపాలు, పార్కులు, మార్కెట్ల సంగతి చూసే పురపాలక మండలికి అయిదుగురు సభ్యులను. మిగిలిన సగం మందిని ప్రభుత్వమే నియమించింది.

మనకు వార్డు మెంబరు ఎన్నికంటే చిన్న విషయం. గెలిచినవాడి పేరు జిల్లా పేజీలో ఒక మూల వస్తుంది, అంతే. ఖతీఫ్ వాళ్ళకు అది చిన్నది కాదు. ఆ దేశంలో ప్రజలు ఎన్నుకునే పార్లమెంటు లేదు. రాజుకు సలహాలిచ్చే షూరా మండలి ఉంది కానీ, అందులోని 150 మందినీ రాజే నియమిస్తాడు. కాబట్టి ఖతీఫ్ పౌరుడు తన చేత్తో చీటీ రాసి పెట్టెలో వేయగలిగిన ఏకైక చోటు ఆ పురపాలక నియోజకవర్గం. ఒక ఊరి రాజకీయ చరిత్రంతా ఆ అయిదు సీట్లలో ఇమడవలసి వచ్చింది. ఆ ఊళ్ళో, దాని చుట్టుపక్కల మనవాళ్ళు ఏళ్ళ తరబడి చెమటోడుస్తున్నారు గనుక ఆ చరిత్ర మనమూ తెలుసుకోదగ్గదే.

నీళ్ళూ నూనే ఉన్న చోటు

దమ్మామ్ నుంచి తీరం వెంబడి ఉత్తరానికి కాస్త దూరం వెళితే ఖతీఫ్. ఎడారి మధ్య ఊటబావుల నీటితో పెరిగిన ఖర్జూర తోటలు, ఎదురుగా సముద్రం, నీళ్ళకు అవతల తరూత్ దీవి, దాని మీద పాత కోట. ఖర్జూరం, చేపలు, ముత్యాలు ఈ ఊరిని వేల ఏళ్ళు పోషించాయి. చుట్టూ సఫ్వా, సైహాత్, అవామియా, ఖుదైహ్, అనక్ లాంటి ఊళ్ళు. అన్నీ కలిపి ఒక గవర్నరేట్, మన లెక్కలో చిన్న జిల్లా అనుకోండి. జనాభా 2010 నాటికే అయిదు లక్షలు దాటింది. జనంలో అత్యధికులు షియాలు. సున్నీలు మెజారిటీగా ఉన్న దేశంలో, అందులోనూ వహాబీ పండితుల మాట చెల్లే రాజ్యంలో, ఈ ఒక్క మాటే ఊరి తలరాతను చాలాసార్లు నిర్ణయించింది.

పోర్చుగీసులు వచ్చారు, తుర్కులు వచ్చారు. 1871లో రెండోసారి వచ్చిన ఉస్మానియా తుర్కులు నలభై ఏళ్ళకు పైగా ఉన్నారు. 1913లో సౌదీ రాజ్య స్థాపకుడు ఇబ్న్ సౌద్ సేనలు పొరుగునున్న అల్ అహ్సాను పట్టుకోగానే ఖతీఫ్ పెద్దలు యుద్ధానికి దిగకుండా మాట్లాడుకున్నారు. మీ ఏలుబడికి లోబడతాం, మా మతాచారాల జోలికి రావద్దు అన్నది ఆ ఒప్పందంలోని సారం. షియా ధర్మశాస్త్రం ప్రకారం పెళ్ళిళ్ళూ వారసత్వాలూ తేల్చే జాఫరీ న్యాయస్థానం ఖతీఫ్‌లో ఈనాటికీ నిలిచింది. కానీ ఊరి తరఫున మాట్లాడేదెవరు? అప్పటి నుంచి దాదాపు తొంభై ఏళ్ళ పాటు జవాబు చాలావరకు ఒకటే: పెద్దమనుషులు. పండితులు, భూస్వాములు, ముత్యాల వర్తకులు కలిసి గవర్నరు దగ్గరకో, రాజు దగ్గరకో వెళ్ళి అర్జీ పెట్టుకోవడం. ఇస్తే తీసుకోవడం, లేకుంటే తిరిగి రావడం.

1938లో దమ్మామ్ ఏడో నంబరు బావిలో చమురు పడింది. 1945లో ఖతీఫ్ కింద కూడా ఉందని తేలింది. తోటల్లో పనిచేసినవాళ్ళ కొడుకులు చమురు సంస్థ ఆరామ్‌కోలో కార్మికులయ్యారు. 1953లో, 1956లో జరిగిన చమురు సమ్మెలలో తూర్పు ప్రాంతపు కార్మికులు ముందుండి నడిచారు. అర్జీ కాగితం కాకుండా సమూహంగా అడగడం వాళ్ళు నేర్చింది అక్కడే. తర్వాత సమ్మెలను నిషేధించారు. 1979 నవంబరులో, ఇరాన్ విప్లవం జరిగిన ఏడాదిలోనే, ఖతీఫ్ జనం నిషేధాన్ని లెక్కచేయక ముహర్రం ఊరేగింపులు తీశారు. కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. నాయకులెందరో దేశం విడిచి వెళ్ళారు. 1993లో రాజు ఫహద్‌తో మాటలు కుదిరి కొందరు తిరిగి వచ్చారు. అలా వచ్చినవాళ్ళలో మతపెద్ద హసన్ అల్ సఫ్ఫార్ ముఖ్యుడు.

2003 ఏప్రిల్‌లో దాదాపు 450 మంది షియా ప్రముఖులు సంతకాలు చేసి యువరాజు అబ్దుల్లాకు ఒక వినతిపత్రం ఇచ్చారు. మేమూ ఈ దేశంలో భాగస్వాములమే, పదవుల్లో మాకూ చోటివ్వండి అన్నది దాని సారాంశం. అదీ అర్జీయే. కానీ అర్జీలో అడిగిన విషయం మారింది. ఇంతకు ముందు దయ అడిగారు, ఇప్పుడు ప్రాతినిధ్యం అడిగారు. ఖతీఫ్ చరిత్రలో నాకు అన్నింటికన్నా ముఖ్యంగా కనిపించే మలుపు ఇదే. అదే ఏడాది అక్టోబరులో పురపాలక ఎన్నికలు జరుపుతామని ప్రభుత్వం ప్రకటించింది.

28 ఏళ్ళు కాగితం మీద

ఆ ఎన్నికలు కొత్త ఆలోచనేమీ కాదు. పురపాలక మండళ్ళలో సగం మందిని ప్రజలు ఎన్నుకోవాలని 1977 నాటి చట్టంలోనే ఉంది. 28 ఏళ్ళు ఆ నిబంధనను ఎవరూ కదిలించలేదు. అమెరికాపై 2001 సెప్టెంబరు దాడుల తర్వాత బయటి నుంచి ఒత్తిడి, లోపలి నుంచి వినతిపత్రాలు, రియాద్‌లో పేలుళ్ళు, ఇవన్నీ కలిసి వచ్చాకే దాని దుమ్ము దులిపారు. దేశమంతా 178 మండళ్ళకు మూడు విడతలుగా పోలింగ్ జరిగింది. ఫిబ్రవరి 10న రియాద్ ప్రాంతం, మార్చి 3న తూర్పు, దక్షిణ ప్రాంతాలు, ఏప్రిల్ 21న పడమర, ఉత్తర ప్రాంతాలు. ఓటరుకు 21 ఏళ్ళు నిండాలి, పౌరుడై ఉండాలి, సైన్యంలో ఉండకూడదు, ముఖ్యంగా మగవాడై ఉండాలి. ఆడవాళ్ళను ఎందుకు కాదన్నారంటే, పోలింగ్ కేంద్రాల్లో మహిళా సిబ్బంది లేరనీ, చాలామంది స్త్రీలకు సొంత గుర్తింపు కార్డులు లేవనీ అధికారులు సెలవిచ్చారు.

ఇక నియోజకవర్గం సంగతి. ఇక్కడ కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే మన వార్డు పద్ధతికీ ఆనాటి సౌదీ పద్ధతికీ పోలిక లేదు. ఎన్నికల ద్వారా నింపే సీట్లు ఎన్ని ఉంటే ఊరిని అన్ని నియోజకవర్గాలుగా విభజించారు. ఖతీఫ్‌కు అయిదు. అభ్యర్థి ఒక నియోజకవర్గం నుంచి నిలబడతాడు. అయితే ఓటరు తన నియోజకవర్గానికే ఓటేసి ఊరుకోడు. అయిదింటిలోనూ ఒక్కొక్కరిని ఎంచుకుని అయిదు పేర్లకు ఓటు వేస్తాడు. అంటే సైహాత్ మనిషి తరూత్ సీటుకూ ఓటేయొచ్చు, తరూత్ మనిషి ఖతీఫ్ నడిబొడ్డు సీటుకూ వేయొచ్చు. ఒక పేటవాళ్ళంతా కలిసి ఒకణ్ణి గెలిపించుకోవాలనుకున్నా మిగతా ఊరంతా వద్దంటే అతడు గెలవడు.

ఈ పద్ధతితో లాభపడేది ఊరంతటికీ పేర్ల జాబితా చేరవేయగల బలగం ఉన్నవాళ్ళు. రియాద్‌లో, జెద్దాలో జరిగింది సరిగ్గా అదే. పార్టీలు నిషేధం, ఉమ్మడి జాబితాలు నిషేధం అన్నారు. అయినా మతపెద్దలు మెచ్చిన అభ్యర్థుల పేర్లు సెల్‌ఫోన్ సందేశాల్లో ఇంటింటికీ చేరాయి. జనం దానికి బంగారు జాబితా అని పేరు పెట్టారు. జెద్దాలో ఏడుకు ఏడు సీట్లూ ఆ జాబితాకే పోయాయి.

పలచగా ఉన్న మైనారిటీకి ఇలాంటి పద్ధతి గొడ్డలిపెట్టు. ఖతీఫ్‌లో మాత్రం దేశంలోని మైనారిటీయే స్థానిక మెజారిటీ. అందుకే అయిదుకు అయిదు సీట్లూ షియా అభ్యర్థులకే దక్కాయి. నమోదులోనూ పోలింగులోనూ ఖతీఫ్ ముందు వరుసలో నిలిచింది. పెద్ద నగరాల్లో చాలామంది ఈ మండళ్ళతో ఒరిగేదేమిటని పెదవి విరిస్తే, ఖతీఫ్‌లో అభ్యర్థులు డేరాలు వేశారు. రాత్రిళ్ళు ప్రసంగాలు, ప్రశ్నలు, జవాబులు, భోజనాలు. మన ఊళ్ళ ఎన్నికల సందడి చూసినవాళ్ళకు ఆ డేరాల వాతావరణం కొత్తగా అనిపించదు. గెలిచినవాళ్ళలో జాఫర్ అల్ షాయెబ్ ఒకరు. 2000 నుంచి తన ఇంట్లో మంగళవారం మంగళవారం చర్చావేదిక నడుపుతూ అన్ని వర్గాలవాళ్ళనూ ఒకచోట కూర్చోబెట్టిన మనిషి. తర్వాత ఖతీఫ్ పురపాలక మండలికి ఆయన అధ్యక్షుడు కూడా అయ్యారు. అర్జీ పట్టుకుని వెళ్ళే పెద్దమనిషి స్థానంలో ఓటు తీసుకుని వచ్చిన మనిషి కూర్చోవడం ఖతీఫ్‌లో అలా మొదలైంది.

కూర్చున్నాక ఏం చేయగలిగారు? నిజం చెప్పాలంటే తక్కువే. ఊరి పాలనంతా మంత్రిత్వశాఖ నియమించిన పురపాలక అధికారి చేతిలో ఉండేది. మండలి బడ్జెట్ చూసేది, పథకాలు పరిశీలించేది, సిఫారసు చేసేది. నిధులు, అనుమతులు రియాద్ నుంచి రావలసి ఉండేది. 2004 చివర్లో ఖతీఫ్ చమురు క్షేత్రాన్ని విస్తరించి రోజుకు అయిదు లక్షల పీపాలు తీసే ఏర్పాటు ప్రారంభించారు. అది జరిగిన కొద్ది నెలలకే ఎన్నికలు. తమ కాళ్ళ కిందనుంచి ఇంత సంపద పోతుంటే తమ వీధిలో మురుగు కాలువ ఎందుకు పొంగుతోందని అడిగే హక్కు ఊరివాళ్ళకు ఉంది. ఆ ప్రశ్నను అధికారిక సమావేశంలో, మినిట్స్‌లో రాయించి, అడగగల మనుషులు ఆ అయిదుగురే. అధికారం తక్కువైనా ప్రశ్న నమోదు కావడం తక్కువ విషయం కాదు. తరూత్ అఖాతంలో మడ అడవులను పూడ్చి స్థలాలు చేయడం, పాత తోటలు ఎండిపోయి ఇళ్ళ ప్లాట్లుగా మారడం, ఇవన్నీ ఖతీఫ్ వాసులను కలతపెట్టిన సమస్యలు. వాటి గురించి మాట్లాడేందుకు ఎన్నికైన గొంతు ఒకటుండాలి కదా.

రెండోసారి, మూడోసారి

నాలుగేళ్ళ గడువు 2009లో ముగిసింది. ఎన్నికలు రెండేళ్ళు వాయిదా పడి 2011 సెప్టెంబరు 29న జరిగాయి. ఈసారి మండళ్ళు 285. పద్ధతి కూడా మారింది: ఓటరుకు ఒకే ఓటు, తన నియోజకవర్గంలోనే. బంగారు జాబితాల దారి దాంతో ఇరుకైంది. వీధికీ సభ్యుడికీ ముడిపడింది. నియోజకవర్గం అన్న మాటకు అర్థం వచ్చింది అప్పుడేనని నా ఉద్దేశం.

కానీ అప్పటికి ఖతీఫ్‌లో గాలి మారిపోయింది. ఆ ఏడాది ఆరంభం నుంచి వీధుల్లో నిరసనలు, అరెస్టులు. ఓటు వేసి ఏం లాభమనే మాట దేశమంతటా వినిపించింది, బహిష్కరణ పిలుపులు వచ్చాయి. పోలింగుకు నాలుగు రోజుల ముందు, అప్పటికి రాజైన అబ్దుల్లా వచ్చే ఎన్నికల నుంచి స్త్రీలు ఓటు వేయవచ్చు, పోటీ చేయవచ్చు అని ప్రకటించారు.

2014లో కొత్త చట్టం వచ్చింది. మూడింట రెండు వంతుల మందిని ప్రజలే ఎన్నుకుంటారు, ఓటు వయసు 18. పోలింగ్ 2015 డిసెంబరు 12న. ఆ ఏడాది మే 22న ఖుదైహ్ ఊళ్ళో శుక్రవారం నమాజు వేళ మసీదులో ఇస్లామిక్ స్టేట్ ఆత్మాహుతి దాడి చేసి 21 మందిని పొట్టనపెట్టుకుంది. ఆ దుఃఖంలోంచే ఖతీఫ్ తేరుకుని ఓటుకు వచ్చింది.

ఆడవాళ్ళకు దారి తెరిచారు కానీ దారి నిండా రాళ్ళే. ఓటరుగా నమోదు కావాలంటే నివాస ధ్రువీకరణ చూపాలి. ఇల్లు తండ్రి పేరునో, భర్త పేరునో ఉంటుంది. కాగితం ఇవ్వవలసిందీ వాళ్ళే. దేశం మొత్తం మీద నమోదైన మగవాళ్ళు 13.5 లక్షలైతే ఆడవాళ్ళు 1.3 లక్షలు. పోటీలో దిగిన మహిళ మగ ఓటర్లతో నేరుగా మాట్లాడకూడదు. తెర వెనకనుంచి మాట్లాడాలి, లేదా మగ ప్రతినిధిని పంపాలి. ఖతీఫ్‌కు చెందిన హక్కుల కార్యకర్త నసీమా అల్ సాదా స్త్రీల ఓటు కోసం ఏళ్ళ తరబడి పోరాడి, తీరా నామినేషన్ వేస్తే జాబితాలోంచి ఆమె పేరు తీసేశారు. ఆమె 2018లో అరెస్టయి 2021లో విడుదలయ్యారు.

అయినా దేశమంతటా సుమారు 2,100 సీట్లలో 20 మంది దాకా మహిళలు గెలిచారు. వాళ్ళలో ఖతీఫ్ నుంచి ఖద్రా అల్ ముబారక్ ఉన్నారు. అంతకు పదేళ్ళ ముందు ఓటరు జాబితాలో ఒక్క స్త్రీ పేరు లేని ఊరు, ఆ ఊరే ఒక స్త్రీని మండలికి పంపింది. కొద్ది వారాలకే మహిళా సభ్యులు మగవాళ్ళతో ఒకే గదిలో కూర్చోరాదనీ, వేరే గదిలోంచి వీడియో ద్వారా పాల్గొనాలనీ ఉత్తర్వు వచ్చింది. గెలిచిన మనిషికి కుర్చీ కూడా పక్క గదిలో వేయడం ఏం న్యాయం?

ఆ తర్వాత సౌదీలో పురపాలక ఎన్నికలు జరగలేదు. మూడుసార్లు తెరిచిన పెట్టె అలాగే మూతపడింది. స్త్రీలు కార్లు నడుపుతున్నారు, సినిమాహాళ్ళు తెరిచారు, దేశం ఎన్నో విధాల మారింది. ఓటు సంగతి మాత్రం వెనక్కి పోయింది. ఇప్పుడు ఖతీఫ్ వీధిలో గుంత పడితే 940కి ఫోన్ చేయొచ్చు, బలదీ యాప్‌లో ఫోటో పెట్టొచ్చు. గుంత పూడుస్తారు కూడా. ఫిర్యాదుకు దారి ఉంది, నిర్ణయంలో వాటా లేదు. 2017లో అవామియాలో వందల ఏళ్ళ నాటి ముసవ్వరా పేటను ఘర్షణల మధ్య నేలమట్టం చేసినప్పుడు, ఆ పేటవాళ్ళకు కావలసింది ఫిర్యాదు నంబరు కాదు, కూల్చాలా వద్దా అని తేల్చే బల్ల దగ్గర తమవాడు.

మనకు ఈ అనుభవం లేదని అనుకోవద్దు. హైదరాబాద్ నగరపాలక సంస్థకు 1986లో ఎన్నికలు జరిగాక మళ్ళీ జరిగింది 2002లో. అయిదేళ్ళ పాలకవర్గం గడువు తీరాక పదేళ్ళకు పైగా ప్రత్యేకాధికారుల పాలన. 1993 జూన్ నుంచి 74వ రాజ్యాంగ సవరణ అమల్లో ఉన్నా అంత ఆలస్యం. ఈనాటికీ రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏదో ఒక మున్సిపాలిటీకి ఏదో ఒక కోర్టు కేసు, ఏదో ఒక విలీనం, పునర్విభజన అడ్డం వస్తూనే ఉంటుంది. తేడా ఏమిటంటే మనం కోర్టుకు వెళ్ళగలం, రోడ్డెక్కగలం, పేపర్లో రాయగలం. ఖతీఫ్‌లో అలా రోడ్డెక్కినవాళ్ళు జైళ్ళకు వెళ్ళారు. కొందరికి మరణశిక్ష అమలైంది.

అక్కడా లేని, ఇక్కడా లేని ఓటు

ఇక మనవాళ్ళ సంగతి. దమ్మామ్, ఖోబర్, జుబైల్, రాస్ తనూరా. ఈ పేర్లు జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కడప, కోనసీమ పల్లెల్లో వినని ఇల్లుండదు. వాటి మధ్యలోనే ఖతీఫ్. మేస్త్రీలు, డ్రైవర్లు, ఇంటిపని చేసే అక్కచెల్లెళ్ళు, పైప్‌లైను ఫిట్టర్లు. 2022 జనాభా లెక్కల ప్రకారం సౌదీలోని 3.22 కోట్ల మందిలో 1.34 కోట్ల మంది విదేశీయులే. భారతీయులు సుమారు 19 లక్షలు. ఖతీఫ్‌లో ఎన్నికలు జరిగిన మూడుసార్లూ వీళ్ళకు ఓటు లేదు. పౌరులు కాని వాళ్ళకు ఎక్కడైనా సాధారణంగా ఉండదు కాబట్టి దానికి సౌదీని ప్రత్యేకంగా తప్పుపట్టలేం. యజమాని (కఫీల్) మాట వినాలి, నివాస అనుమతి (అకామా) గడువు చూసుకోవాలి, పారిపోయాడన్న (హురూబ్) కేసు పడకుండా కాచుకోవాలి. ఆ బతుకులో ఓటు మాట ఎవరికి గుర్తొస్తుంది?

కానీ సొంత దేశంలో? అక్కడ కదా అడగవలసింది. విదేశాల్లో ఉన్న భారత పౌరులు సొంత ఊళ్ళో ఓటరుగా నమోదయ్యే హక్కు 2010లో చేసిన చట్ట సవరణతో వచ్చింది. షరతు ఒక్కటే, పోలింగ్ రోజున స్వయంగా వచ్చి వేయాలి. రెండేళ్ళకోసారి సెలవు దొరికే మేస్త్రీ ఓటు కోసం విమానమెక్కి జగిత్యాల వస్తాడా? 2024 లోక్‌సభ ఎన్నికల్లో దేశం మొత్తం మీద నమోదైన ప్రవాస ఓటర్లు సుమారు 1.19 లక్షలు. వచ్చి ఓటు వేసినవాళ్ళు మూడు వేలలోపు. వాళ్ళలోనూ అత్యధికులు కేరళవాళ్ళు. గల్ఫ్ నుంచి విమానాలు మాట్లాడుకుని మరీ వచ్చి ఓటేసే అలవాటు వాళ్ళకుంది. అందుకే కేరళలో ఏ పార్టీ అయినా గల్ఫ్ కార్మికుడి గోడు వినకుండా ఉండలేదు.

తనకు బదులు మరొకరితో ఓటు వేయించుకునే వీలు కల్పించే బిల్లును 2018 ఆగస్టులో లోక్‌సభ ఆమోదించింది. రాజ్యసభ ఆమోదం పొందేలోపు లోక్‌సభ రద్దయి బిల్లు మురిగిపోయింది. సైనికులకు ఉన్నట్టు ఎలక్ట్రానిక్ పద్ధతిలో పోస్టల్ బ్యాలెట్ పంపే ఏర్పాటును ప్రవాసులకూ వర్తింపజేయవచ్చని 2020 నవంబరులో ఎన్నికల సంఘమే న్యాయశాఖకు రాసింది. అది ఇంకా అమలుకు రాలేదు. మృతదేహం నెలల తరబడి రాకపోయినా, జీతం ఎగ్గొట్టినా, ఏజెంటు మోసం చేసినా ఆ కుటుంబం ఎమ్మెల్యే ఇంటి ముందు అర్జీ పట్టుకుని నిలబడుతోంది. ఖతీఫ్ పెద్దమనుషులు ఒకప్పుడు గవర్నరు ముందు నిలబడినట్టే. అర్జీకి, ఓటుకు ఉన్న తేడా ఏమిటో ఆ ఊరు తొంభై ఏళ్ళు ఎదురుచూసి తెలుసుకుంది.

నిజామాబాద్, కరీంనగర్, రాజంపేట, అమలాపురం ఎంపీలు పార్టీలకు అతీతంగా ఈ ఒక్క విషయం మీద కలిసి లోక్‌సభలో నిలదీయాలి. పోస్టల్ బ్యాలెట్‌ను మొదట వలస తనిఖీ తప్పనిసరైన ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వెళ్ళిన కార్మికులకైనా ఇవ్వమనాలి. ఈలోగా పాఠకులు చేయగలిగింది ఒకటుంది. మీ ఇంట్లో, మీ వీధిలో గల్ఫ్‌లో పనిచేస్తున్నవాళ్ళుంటే ప్రవాస ఓటరు నమోదుకు ఫారం 6ఏ నింపించండి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్లోనే దరఖాస్తు చేయవచ్చు. జాబితాలో లక్షల పేర్లు కనిపించిన రోజున బ్యాలెట్ పంపడం కుదరదని చెప్పడం ఏ ప్రభుత్వానికైనా కష్టం.